ఆటో ఎక్కని కుక్కకు టీకా ఎలా?

ఈ పత్రికలో సాధారణంగా షుగరు, బీపీ, బాలింతల ఆహారం వంటి విషయాలు రాస్తుంటాం. ఈసారి ఒక కుక్కను ఆటో ఎక్కించడం గురించి రాస్తున్నాం. ఆసుపత్రి పత్రికకు కుక్కతో పనేమిటని కొందరు అడగవచ్చు. కుక్కకాటు సూది కోసం బల్ల మీద కూర్చుని ఎదురుచూసే తల్లులను, పిల్లలను ఒక్కసారి చూసినవారు మాత్రం ఆ ప్రశ్న అడగరు. వారిలో వీధికుక్క కరిచినవారే కాదు, సొంత ఇంటి కుక్క, పక్కింటి కుక్క కరిచినవారూ ఉంటారు. ఒకసారి ఆ బల్ల మీద కూర్చున్న పిల్లను కరిచింది మా కుక్కే. అందుకే ఇది రాయవలసి వచ్చింది.

మా ఇల్లు నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డులో, ఇందుకూరుపేట దాపున ఉంది. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు తడిసి ముద్దయిన ఒక నాటుకుక్క పిల్ల మా పంచలోకి వచ్చింది. మోతి అని పేరు పెట్టాం. దానికి మూడు నెలలు నిండగానే గుడ్డసంచిలో కూర్చోబెట్టుకుని వెళ్లి రేబిస్ టీకా వేయించాం, నెల తర్వాత రెండోది కూడా. పిల్ల కాబట్టి సంచిలో నిద్రపోయింది. ఇబ్బంది ఏమీ తెలియలేదు.

ఆ తర్వాత ఏటా ఒకసారి వేయించాలి. గడువు 2022 మార్చిలో వచ్చింది. జూలై 6న ఎలాగూ ఉచితంగా వేస్తారు కదా అని ఆగాం. మా మొదటి తప్పు అది. జూలై 6 అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల గురించి ప్రపంచమంతా గుర్తు చేసుకునే రోజు. 1885లో అదే తేదీన ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి రేబిస్ టీకా మొదలుపెట్టారు. ఆ పిల్లవాడు బతికాడు. ఆ జ్ఞాపకంగా మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తుంటారు.

ఆ ఉదయం మోతిని ఎత్తి ఆటోలో కుదేశాం. కుదేశాం అన్న మాట సరైనదే. అది నాలుగు కాళ్లూ బిగబట్టింది, మేము ఇద్దరం చెరో వైపు పట్టుకుని నెట్టాం. బండి కదలగానే వణకడం మొదలుపెట్టింది. ఆవలించింది, పెదవులు నాక్కుంది, చొంగ కార్చింది. ఆవలిస్తుంటే నిద్ర వస్తున్నదేమో అనుకున్నాం! కడుపులో తిప్పుతున్నదని, భయపడుతున్నదని చెప్పే గుర్తులు అవేనని ఆ రోజు మాకు తెలియదు. కొంత దూరం పోయాక సీటంతా వాంతి చేసుకుంది. ఎదురుగా రొయ్యల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. మోతి ఒక్క గంతులో డ్రైవరు భుజం మీదికి ఎక్కేసింది. తాడు హ్యాండిలుకు చుట్టుకుంది. ఆటో కాలువ గట్టు దాకా పోయి ఆగింది.

"ఏందన్నా ఇది! బండి కాలవలో పడుంటే ఏం జేసేది? ముందే చెప్పొద్దా?" అని డ్రైవరు కేకలేశాడు. అతను అన్నదానిలో తప్పులేదు. ఆటో కడిగించుకోమని డబ్బులిచ్చి, కుక్కను నడిపించుకుంటూ ఇంటికి వచ్చాం. మళ్లీ తీసుకుపోదాం అనుకుంటూనే రెండు నెలలు గడిపాం.

సెప్టెంబరులో ఒక సాయంత్రం మోతిని వీధిలో నడిపిస్తున్నాం. నడిపించడం కాదు, అది లాగుతుంటే వెనకాల మేము పరుగెత్తడం. మోటారు సైకిలు ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. మోతి బెదిరి వెనక్కి తిరిగింది. అదే సమయానికి పక్కింటి ఏడేళ్ల పాప ఆప్యాయంగా పరుగెత్తుకొచ్చి మెడ మీద చెయ్యి వేయబోయింది. చేతిమీద పంటి గాట్లు రెండు పడ్డాయి, రక్తం వచ్చింది.

కొళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాం. వెంటనే ఆసుపత్రికి తీసుకువచ్చాం. మోతిని పది రోజులు కట్టేసి గమనించాం. దానికి ఏమీ కాలేదు, పాపకూ ఏమీ కాలేదు. కానీ టీకా గడువు దాటిన కుక్క కాబట్టి డాక్టరుగారు పాపకు గాయం చుట్టూ వేసే సీరంతో పాటు మొత్తం సూదులూ వేయించమన్నారు. పాప తల్లి రొయ్యల షెడ్డులో దినకూలీ. సూది పడే ప్రతి రోజూ ఆమె కూలి పోయింది. మేము ఇవ్వబోతే తీసుకోలేదు. "మీరు ఆసుపత్రిలో పని చేసేవాళ్లే గదమ్మా" అని ఒక్క మాట అన్నది.

రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరినీ బతికించలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59 వేల మంది దీనితో చనిపోతున్నారు. ప్రతి పదిమందిలో నలుగురు పదిహేనేళ్ల లోపు పిల్లలు. మనుషులకు ఈ వ్యాధి దాదాపుగా కుక్కల నుంచే వస్తున్నది. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే వ్యాధి అక్కడ వ్యాపించలేదని నిపుణులు చెబుతారు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలని మన దేశం 2021లో ఒక కార్యాచరణ ప్రణాళిక కూడా ప్రకటించింది. ప్రణాళిక ఢిల్లీలో ఉంటుంది. కుక్క మాత్రం మన పంచలో ఉంటుంది. అది ఆటో ఎక్కకపోతే టీకా దగ్గరికి చేరదు.

పశువుల డాక్టరును ఇంటికే పిలిపించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పిలిపించవచ్చు. ఆ పది రోజులు గడిచాక మోతికి టీకా అలాగే వేయించాం. అయితే పిడుదుల జ్వరం వచ్చి సెలైను ఎక్కించాలన్నా, కాలు విరిగినా కుక్కను ఆసుపత్రికి మోసుకుపోక తప్పదు. ఆ రోజు నేర్పుదామంటే కుదరదు.

భయం ఎలా పోతుంది?

1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. పీటర్ అనే మూడేళ్లు కూడా నిండని పిల్లవాడికి కుందేలంటే విపరీతమైన భయం. ఆమె పిల్లవాడికి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తింటుండగా కుందేలును దూరంగా, వాడు బెదరనంత దూరంలో ఉంచారు. రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ పిల్లవాడు కుందేలును చేత్తో నిమిరాడు. మనుషుల భయాలకు నేటికీ డాక్టర్లు వాడే పద్ధతికి ఇదొక మూలం. కుక్కకూ ఇదే పనికొస్తుంది. ఇందులో రెండే రహస్యాలు. భయపడేదాన్ని తట్టుకోగలిగినంతే చూపించాలి. అది కనబడినప్పుడల్లా మంచి జరగాలి.

మేము చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. భయపడేదాన్ని ఒక్కసారిగా మీద పడేశాం, చివర్లో సూది ఉండే చోటికి బయలుదేరదీశాం. తిండికి ముందు వినబడే శబ్దానికే కుక్కకు నోట్లో నీళ్లూరతాయని రష్యాలో పావ్లోవ్ చూపించి నూరేళ్లు దాటింది. ఆటో శబ్దానికి కడుపులో తిప్పడం కూడా కుక్క అలాగే నేర్చుకుంటుంది. మోతికి అది నేర్పినవారం మేమే.

ఆ క్రిస్మస్ వెళ్లాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. మా వీధిలోనే ఒక తమ్ముడు రాత్రిళ్లు ఆటో నిలుపుతాడు. అతన్ని బతిమాలుకున్నాం. వారం రోజులు మోతి రాత్రి అన్నం గిన్నె ఆటో పక్కన పెట్టాం. మొదటి రోజు పది అడుగుల దూరంలో, తర్వాత ఐదు, తర్వాత చక్రం పక్కనే. ఎవరూ తాడు లాగలేదు, రమ్మని పిలవలేదు. రెండో వారం గిన్నె ఆటో లోపల కాళ్లు పెట్టుకునే చోటికి చేరింది. మొదట ముందు కాళ్లు రెండూ పెట్టి మెడ చాపి తిన్నది. నాలుగో రోజు తనంతట తానే ఎక్కింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టబోయి ఆగాం, మళ్లీ బెదురుతుందేమోనని!

తర్వాత ఇంజను. మోతి లోపల తింటుండగా డ్రైవరు తమ్ముడు బండి స్టార్టు చేసి వెంటనే ఆపాడు. చెవులు నిక్కించింది గాని దిగలేదు. ఉడికించిన లివరు ముక్క ఒకటి అందించాం. ఇంకా రెండు మూడు రోజులు ఇంజను అర నిమిషం, నిమిషం, ఐదు నిమిషాలు. ఆ తర్వాత వీధి చివరి దాకా పోయి రావడం. ఒకరోజు తొందరపడి నేరుగా మెయిన్ రోడ్డు మీదికి తీసుకుపోయాం. మళ్లీ చొంగ, మళ్లీ వణుకు. చేసేది లేక రెండు మెట్లు వెనక్కి దిగి, మళ్లీ వీధి చివరి నుంచే మొదలుపెట్టాం. ఇలా వెనక్కి రావడానికి సిగ్గుపడనక్కర్లేదు. పక్షవాతం వచ్చినవారికి నడక నేర్పేటప్పుడు కూడా ఒక్కోరోజు వెనక్కి వస్తాం కదా.

తిండి ముక్కల గురించి ఒక మాట. వేలిగోరంత ముక్క చాలు. ఉడికించిన కోడి మాంసం, ముల్లు తీసిన చేప, ఇడ్లీ ముక్క ఏదైనా సరే. లివరు మాత్రం కొద్దిగానే. మన తీరంలో ఎండుచేప చౌక గాని అందులో ఉప్పు ఎక్కువ, వద్దు. పండుగకు మిగిలిన ప్లమ్ కేకు అసలే వద్దు. ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చాక్లెటు, ఉల్లిపాయ కూడా దానికి విషమే.

అన్నిటికంటే మాకు ఎక్కువ ఉపయోగపడింది ప్రయాణం ఎక్కడికి అన్నది మార్చడం. ఐదారుసార్లు ఆటోలో కాలువ గట్టుకు, రెండుసార్లు తెల్లవారుజామున మైపాడు సముద్రానికి తీసుకుపోయాం. దిగితే పరుగులు, పీతల వెంట వేట. ఆ తర్వాత ఆటో శబ్దం వినబడితే మోతి తోక ఊపడం మొదలుపెట్టింది. మే నెల చివర్లో పశువుల ఆసుపత్రి గేటు దాకా తీసుకుపోయి, అక్కడ లివరు ముక్క పెట్టి, సూది లేకుండానే వెనక్కి తెచ్చాం. కంపౌండరుగారు "ఏమైందండీ, దేనికొచ్చారు?" అని అడిగారు. ఏమీ కాలేదని చెబితే ఆయన నవ్వారు.

వాంతులు, ఎండ

కొన్ని కుక్కలకు భయం లేకపోయినా బండి పడదు. చిన్న పిల్లలకు ఇది ఎక్కువ, ఎందుకంటే చెవి లోపల తూకం చూసే భాగం వాటికి ఇంకా పూర్తిగా కుదురుకోదు. చాలావాటికి పెరిగేకొద్దీ తగ్గుతుంది. దూర ప్రయాణానికి నాలుగైదు గంటల ముందు నుంచి అన్నం పెట్టకండి, మంచినీళ్లు మాత్రం ఇవ్వండి. అప్పటికీ తగ్గకపోతే పశువుల డాక్టరును అడిగితే కుక్కలకు తగిన మందు రాస్తారు. మన ఇంట్లో ఉన్న వాంతి మాత్రను సగం తుంచి వేయడం చాలామందికి అలవాటు. అలా చేయవద్దు. మనుషుల నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు కుక్కకు ప్రాణాంతకం కావచ్చు.

కారులో ఊళ్లకు వెళ్లే కుటుంబాలు కుక్కను వెనక సీట్లో ఉంచి, మెడకు కాక ఛాతీకి వేసే బెల్టుతో సీటు బెల్టుకు కట్టాలి. డ్రైవరు ఒడిలో కూర్చోబెట్టుకోవడం, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వడం చూడటానికి ముద్దుగా ఉంటాయి గాని సడన్ బ్రేకు వేస్తే ఏమవుతుందో ఊహించండి. ఆటోలో అయితే మనుషుల కాళ్ల మధ్య కింద కూర్చోబెట్టి, తాడు పొట్టిగా పట్టుకోవాలి.

ఇక ఎండ. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పడమే దాని ఫ్యాను. "ఐదు నిమిషాల్లో వస్తాం" అని కారులో వదిలి దుకాణంలోకి వెళ్లకండి. అమెరికాలో డాక్టర్లు 2005లో ప్రచురించిన కొలతల్లో, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరిగింది. అందులో నూటికి 80 పాళ్లు మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించినా పెద్ద తేడా రాలేదు. మన రోహిణి కార్తెలో బయటే నలభై దాటుతుంది. కుక్క అదేపనిగా రొప్పుతూ తూలుతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మాట పసిపిల్లలకూ వర్తిస్తుంది. వారిని కూడా కారులో వదలకండి.

వీధి నడక

నడకకు తెల్లవారుజాము, లేదా పొద్దువాలాక. చేతి వెనక భాగం తారు రోడ్డు మీద పెట్టి ఏడు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

లాగే కుక్కకు మేము నేర్చుకున్న మందు ఒకటే. తాడు బిగుసుకున్న క్షణం స్తంభంలా నిలబడిపోవాలి. తిట్టకూడదు, వెనక్కి గుంజకూడదు. అది తిరిగి చూసి తాడు వదులయ్యాక మళ్లీ అడుగు వేయాలి. పక్కనే నడిచినంతసేపు అప్పుడప్పుడు ముక్క అందించాలి. మొదటి రోజు మా ఇంటి నుంచి వీధి మలుపు దాకా పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లు "కుక్క మీకు నేర్పతా ఉందా, మీరు కుక్కకు నేర్పతా ఉండారా?" అని ఆటపట్టించారు. మూడు వారాలకు తాడు వదులుగా వేలాడింది. మెడ బిగుసుకునే గొలుసులు, కర్ర దెబ్బలు మాకు నచ్చవు. దెబ్బ తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది గాని భయపడటం మానదు. గుర్రుమనకుండా కరిచే కుక్క మరీ ప్రమాదం.

మోటారు సైకిళ్ల భయానికి కూడా కుందేలు పద్ధతే. రోడ్డుకు దూరంగా కొబ్బరి చెట్టు కింద కూర్చుని, బండి కనబడినప్పుడల్లా ముక్క పెట్టాం. దూరం క్రమంగా తగ్గించాం. వీధికుక్కల గుంపు ఎదురైతే ధైర్యం చూపించబోకుండా ముందే వేరే సందులోకి తిరగడం మంచిది. మూతికి చిక్కం అలవాటు చేయడం కూడా మేలు. రొప్పడానికి వీలుండే బుట్టలాంటి చిక్కం కొని, అందులో ముక్క పెట్టి తినిపిస్తూ కొన్నాళ్లకు కట్టడం నేర్పాలి.

పిల్లలకు కూడా కొంత నేర్పాలి. ఎవరి కుక్కనైనా యజమానిని అడగకుండా ముట్టుకోకూడదు. తింటున్న కుక్క, పిల్లల తల్లి కుక్క దగ్గరికి పోకూడదు. తెలియని కుక్క మీదికి వస్తే పరుగెత్తకుండా, చేతులు ఒంటికి ఆనించుకుని, దాని కళ్లలోకి చూడకుండా చెట్టులా నిలబడాలి. పక్కింటి పాపకు, మా పిల్లలకు ఇది ఆటలాగా నేర్పాం. మేము "కుక్కొచ్చె" అంటే అందరూ చెట్లయిపోతారు.

ఇంత జాగ్రత్తపడినా కరిస్తే, గోరు గీరి రక్తం వచ్చినా సరే, పారే నీళ్లకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకండి, కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి రండి. కుక్కకు టీకా ఉందనే ధైర్యంతో ఇంట్లో ఉండిపోవద్దు, అది డాక్టరు తేల్చవలసిన విషయం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం పెద్దలకు ఇంకా ఉంది. ఆ పాతకాలం టీకాను మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పుడు భుజానికి వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో రావాలి. గాయం లోతుగా ఉన్నా, రక్తం వచ్చినా మొదటి రోజే గాయం చుట్టూ సీరం కూడా వేస్తారు. మధ్యలో మానకూడదు.

2023 జూలై 6న, గడువుకు రెండు నెలల ముందే, మళ్లీ అదే దారిన బయలుదేరాం. ఉదయం అన్నం పెట్టలేదు. కాళ్ల దగ్గర పాత దుప్పటి వేశాం, జేబులో లివరు ముక్కలు. మోతి తానే ఎక్కి కూర్చుంది. ఒక లారీ పక్కనుంచి పోయింది, మా ముఖం వైపు చూసింది, ముక్క ఇచ్చాం. ఆసుపత్రి ఆవరణలో ఒకటే అరుపులు కాబట్టి వరుసలో నిలబడకుండా గేటు బయట వేపచెట్టు కింద ఆగి, మా వంతు వచ్చాకే లోపలికి వెళ్లాం. సూది పడ్డప్పుడు ఒకసారి కుయ్యిమంది. అంతే.

తిరిగి వచ్చేటప్పుడు మోతి మా కాళ్ల మీద తల పెట్టి నిద్రపోయింది. ఇందుకూరుపేట దగ్గరికి వచ్చాక డ్రైవరు తమ్ముడు అద్దంలోంచి వెనక్కి చూసి, "అక్కా, మా అత్తోళ్లింట్లో కూడా ఒక కుక్క ఉండాది, ఆటో అంటే చాలు మంచం కిందికి దూరద్ది. ఆ లివరు ఎంతసేపు ఉడకబెట్టాల?" అని అడిగాడు.